బండి కొంటే కృతజ్ఞత కూడిక పెడతాం, మరి మనిషి మారితే?

మన దగ్గర కృతజ్ఞత కూడికలకు కరువేం లేదు. కొత్త బండి కొంటే ఒకటి, ఇల్లు కడితే ఒకటి, పిల్లకి సీటొస్తే ఒకటి, కొడుక్కి వీసా వస్తే షామియానా వేసి మరీ ఒకటి. పాస్టర్ గారు వస్తారు, రెండు పాటలు, ఒక వాక్యం, ప్రార్థన, తర్వాత బగారా అన్నం, చికెన్. ఇందులో తప్పేం లేదు, ఇచ్చినవాణ్ణి మర్చిపోయి ఒక్కరమే తినడం కంటే నలుగుర్ని పిలిచి తినిపించడం ఎంతో నయం. కానీ ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒక ఆదివారం చర్చి బయట ఆగి మాట్లాడుకుంటే ఎవరూ షామియానా వేయరు. రోజూ అత్తతో కయ్యమాడే కోడలు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటే ఆ సంగతి తెలిసేది ఆ అత్త ఒక్కదానికే, ఆమె కూడా బయటికి చెప్పదు.

ఇదంతా పిల్లలు చూస్తూనే ఉంటారు. ఆశీర్వాదం అంటే బండి, ప్లాటు, వీసా అని వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, మన షామియానాలే నేర్పుతాయి. లూకా 15వ అధ్యాయం తీయండి. తప్పిపోయిన గొర్రె దొరికిందని కాపరి ఇరుగుపొరుగును పిలిచాడు, పోయిన నాణెం దొరికిందని ఒకామె పక్కింటి ఆడవాళ్లను పిలిచింది, కొడుకు తిరిగొచ్చాడని తండ్రి క్రొవ్విన దూడను కోయించాడు. మూడు కథలూ చెప్పేది ఒక మనిషి దేవుడి వైపు తిరిగినప్పుడు జరగాల్సిన పండుగ గురించే. (ఆ విందుకి రానని బయటే నిలబడ్డది తిరుగుబోతు కొడుకు కాదు, ఇల్లు కదలకుండా పని చేసుకునే పెద్దకొడుకు. అది మనలాంటి ప్రతి ఆదివారం చర్చి జనం గురించేనని నా అనుమానం.)

ఎదిగామో లేదో ఎవర్ని అడగాలి

సంఘంలో ఎదుగుదల అనగానే మనం కొలిచేవి వేరే ఉంటాయి. ఎంతసేపు ప్రార్థన చేస్తాడు, ఎన్ని ఉపవాసాలుంటాడు, ఏడాదిలో బైబిల్ ఎన్నిసార్లు పూర్తిచేశాడు, కీబోర్డు వాయిస్తాడా, మైకు పట్టుకుంటే ఎంత గట్టిగా మాట్లాడతాడు. మైకు సంగతి పక్కన పెడితే మిగతావన్నీ మంచి అలవాట్లే. కానీ గలతీ 5:22-23లో పౌలు రాసిన తొమ్మిదీ ఒకసారి చూడండి: ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. వీటిలో ఒక్కటి కూడా స్టేజీ మీద తేలేది కాదు. దీర్ఘశాంతం ఉందో లేదో నీళ్ల ట్యాంకరు దగ్గర తెలుస్తుంది, ఆశానిగ్రహం పెళ్లిలో మందు పోసే చోట తెలుస్తుంది, సాత్వికం గెట్టు తగాదాలో తెలుస్తుంది.

అందుకే ఇంట్లోవాళ్లని అడగాలి. "నేను ఎదిగానా?" అని అడిగితే మొహమాటానికి ఆ అంటారు, దాంతో లాభం లేదు. "పోయిన దసరాకి నేనెట్లుంటి, ఇప్పుడెట్లున్న?" అని అడగండి. దసరా అని ఎందుకంటున్నానంటే మన వైపు ఎవరు ఏం చేశారో అందరికీ బాగా గుర్తుండేది ఆ పండగకే, చుట్టాలొస్తారు, మాంసం, మందు, పాత పంపకాల లొల్లి అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే బయటపడతాయి. వాళ్లు చెప్తున్నప్పుడు మధ్యలో "అది కాదు, ఆ రోజు ఏమైందంటే" అని అందుకోవద్దు, నోరు మూసుకుని వినండి. మీ చేలో పనిచేసే కూలీలని అడిగే ధైర్యం ఉంటే ఇంకా మంచిది, తూకం దగ్గర మీరు ఎలాంటివాళ్లో పాస్టర్ గారి కంటే పత్తి ఏరే ఆడవాళ్లకి బాగా తెలుసు.

ఇలా అడిగితే బయటపడేవి చిన్నగానే ఉంటాయి, చిన్నగా ఉన్నాయని కొట్టేయొద్దు. పిల్లల మీద చెయ్యెత్తడం మానేయడం, అడగకముందే చెల్లెలి వాటా ఇచ్చేయడం, ఇంకొకరి ఇంటి సంగతి నోటిదాకా వచ్చినా ఆపుకోవడం. మన దగ్గర ఇంకొకటి ఉంది, దాని గురించి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు: అది ఆ కులపోళ్ల చర్చి అని ఏళ్లుగా గడప తొక్కని పెద్దమనిషి ఒక ఆదివారం అక్కడికెళ్లి వాళ్లతోపాటు ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) పాలుపొందితే, నా లెక్కలో అది నలభై రోజుల ఉపవాసం కంటే పెద్ద సంగతి.

ఒక నోటుబుక్కు పెట్టండి

గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు. కీర్తన 103:2లో దావీదు తన ప్రాణానికి తనే చెప్పుకుంటాడు, ఆయన చేసిన ఉపకారాల్లో దేన్నీ మరువకు అని. దావీదుకే అలా చెప్పుకోవాల్సి వచ్చిందంటే మనమెంత. కిరాణంలో దొరికే మామూలు నోటుబుక్కు చాలు. రోజూ రాయాలని పెట్టుకోకండి, రెండు వారాల్లో మానేస్తారు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, నిద్రపోకముందు, వారానికి ఒకటో రెండో లైన్లు. "ఈ వారం కోపం తగ్గించుకున్నాను" అని రాయొద్దు, అది గాల్లో మాట. "గురువారం కరెంటు పోయి మోటరు కాలిపోయింది, అయినా ఇంటికొచ్చి ఎవర్నీ తిట్టలే" అని రాయండి. తేదీ వేయండి. ఓడిపోయిన వారం కూడా రాయండి, లేకపోతే ఆర్నెల్ల తర్వాత చదివినప్పుడు నమ్మబుద్ధి కాదు.

ఫోన్లో రాసుకుంటామంటే మీ ఇష్టం, కాని కాగితం అయితే పిల్లలకి కనపడుతుంది. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నదిలోంచి పన్నెండు రాళ్లు తెప్పించి నిలబెట్టింది కూడా రేపు పిల్లలు ఈ రాళ్లేంటని అడగాలనే కదా. అలాగే మన ఇళ్ల గుమ్మాల మీద చాలాచోట్ల ఎబెనెజరు (సహాయపు రాయి) అని రాయిస్తాం. 1 సమూయేలు 7వ అధ్యాయాన్ని మొదటినుంచి చదవండి. ఆ రాయి నిలబెట్టడానికి ముందు జనం అన్యదేవతలను తీసిపారేసి, ఉపవాసముండి, మేం పాపం చేశామని ఒప్పుకున్నారు. గెలుపు ఆ తర్వాత వచ్చింది, రాయి ఇంకా ఆ తర్వాత. మనం మొదటి భాగం వదిలేసి నేరుగా గృహప్రవేశానికి వచ్చేశాం.

బాప్తిస్మం తేదీ పట్టుకోండి

పుట్టినరోజుకి కేకు కోస్తాం, పెళ్లిరోజుకి స్టేటస్ పెడతాం, బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావంటే "ఎండాకాలం కూడికలప్పుడు అనుకుంటా" అంటాం. తేదీ తెలియకపోతే సంఘం రిజిస్టరు అడగండి. మన జిల్లాల్లో ఇది అనుకున్నంత కష్టం కాదు. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ (ఒక ప్రొటెస్టెంట్ శాఖ) మిషనరీలు అబ్రహాం, మరియా ఫ్రీజెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టింది 1890 ప్రాంతంలో, తర్వాతి కాలంలో దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి, మహబూబ్‌నగర్, గద్వాల దాకా ఆ సంఘాలు పాకాయి. పాత సంఘాల్లో మీ అవ్వ పేరో తాత పేరో కూడా దొరకొచ్చు. కథోలికులైతే విచారణ గురువుని (మీ చర్చి ఫాదర్‌ని) అడిగితే జ్ఞానస్నాన రిజిస్టరు, అంటే బాప్తిస్మం రిజిస్టరు చూపిస్తారు. నల్లగొండ మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది 1976లో, అంతకుముందు నుంచే ఉన్న విచారణల్లో ఇంకా పాత పుస్తకాలుంటాయి.

తేదీ దొరికాక ఆ రోజు పెద్దగా ఏం చేయక్కర్లేదు. కుటుంబ ప్రార్థనలో ఆ సంవత్సరపు నోటుబుక్కు తీసి నాలుగు లైన్లు చదవండి, మీకు బాప్తిస్మం ఇచ్చినాయన బతికుంటే ఫోన్ చేసి వందనాలు చెప్పండి. ఆయనకి ఎన్ని వందల మందికి బాప్తిస్మం ఇచ్చినా అలా ఫోన్ చేసేవాళ్లు ఎందరుంటారు చెప్పండి.

కూడిక ఎట్లా పెట్టాలి

ఎదుగుదల గురించి కూడిక పెట్టాలనుకుంటే మొదటి పిలుపు ఎవరికి అన్నదే అసలు సంగతి. బండి కూడికకి చుట్టాల్ని, సంఘాన్ని పిలుస్తాం. దీనికి ముందు పిలవాల్సింది మీ పాత బుద్ధి వల్ల నష్టపోయినవాళ్లని. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ (లూకా 19) చూడండి, ప్రభువు ఇంటికొచ్చిన రోజే లేచి నిలబడి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఎంత బాగా ఏడ్చాడో లూకా రాయలేదు, ఎంత తిరిగిస్తానన్నాడో రాశాడు.

మాకు తెలిసిన ఒకాయన మందు మానేశాడు, మానేసి ఏడాది దాటాక ఇంట్లో కూడిక పెడదామని భార్యని అడిగితే, ముందు కిరాణం బాకీ సంగతి చూడమంది ఆమె. అతను తాగే రోజుల్లో ఇంటి సామానంతా ఉద్దెరే. ఇద్దరూ కలిసి వెళ్లారు. షాపాయన పొడుగాటి ఖాతా పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, చక్కెర, పల్లీనూనె, సబ్బులు, మధ్యమధ్యలో "నగదు 200" అని అప్పుగా తీసుకున్నవి, అన్నీ కూడి మొత్తం చెప్పాడు. వీళ్లు లెక్కపెట్టి ఇచ్చారు. ఆయన ఆ పేజీ మీద పైనుంచి కిందికి ఒక గీత గీసి పక్కన "చెల్లు" అని రాశాడు. ఆమె ఆ పేజీకి ఫోన్‌తో ఫొటో తీసుకుంది. తర్వాత కూడికకి ఆ షాపాయన కూడా వచ్చాడు, ఆయన క్రైస్తవుడు కాదు, చివర్లో కూర్చుని చాయ్ తాగి వెళ్లాడు. ఆ రోజు చెప్పిన సాక్ష్యాలన్నిటిలో ఆయన రావడమే గట్టి సాక్ష్యం అని నేను అంటాను.

ఇక క్రమం విషయానికొస్తే, ఒక పాట, ఒక వాక్యభాగం (ద్వితీయోపదేశకాండం 26 బాగుంటుంది, ప్రథమఫలాల గంప పెట్టి మా తండ్రి దిక్కులేని దేశదిమ్మరి అని మొదలుపెట్టి తమ కథ చెప్పుకుంటారు), తర్వాత సాక్ష్యం, సాయం చేసినవాళ్లకి పేరుపేరునా కృతజ్ఞత, ఏదైనా తిరిగివ్వాల్సి ఉంటే అది, ప్రార్థన. గంటలోపే అయిపోవాలి. అదే అధ్యాయంలో పదకొండో వచనం లేవీయుడు, పరదేశి కూడా మీతో కలిసి సంతోషించాలి అంటుంది, అంటే భోజనం పెడితే వాడకట్టులో ఏ ఆధారం లేని ముసలివాళ్లని మర్చిపోవద్దు. చికెన్ ఉండాలని రూలేం లేదు. గుడాలు, చాయ్ చాలు. దీనికోసం అప్పు చేస్తే కూడిక అర్థమే పోయింది.

సమయం కూడా చూసుకోండి. పత్తి ఏరేటప్పుడు, నాట్లప్పుడు పెడితే వచ్చినవాళ్ల మనసంతా చేలోనే ఉంటుంది. పాలమూరు వైపు మట్టి పనులకీ, బిల్డింగ్ పనులకీ హైదరాబాద్, బొంబాయి, పుణె వెళ్లినవాళ్లు క్రిస్మస్‌కి వస్తారు కాబట్టి డిసెంబరు ఆఖరి వారం మంచిది. వాళ్లు అడ్డా మీద, రేకుల షెడ్లలో విశ్వాసం ఎట్లా నిలబెట్టుకున్నారో సంఘంలో ఎవరూ అడగరు, పైసలు ఎన్ని తెచ్చారనే అడుగుతారు. వాచ్‌నైట్‌లో (డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో) వాగ్దాన కార్డులు, అంటే కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఒక వాక్యం రాసిచ్చే కార్డులు పంచడానికి ముందు ఒక పావుగంట వాళ్లకివ్వండి. కొత్త సంవత్సరానికి వాగ్దానం తీసుకునే ముందు పోయిన సంవత్సరం కార్డు ఏమైందో చెప్పుకోవడం న్యాయం కూడా.

సాక్ష్యం చెప్పేటప్పుడు

మన సాక్ష్యాల్లో పాత కథకి ఇరవై నిమిషాలు, దేవుడికి రెండు నిమిషాలు. ఎంత తాగేవాణ్ణి, ఎంతమందిని కొట్టేవాణ్ణి, వింటుంటే సినిమా చూసినట్టే ఉంటుంది, కుర్రాళ్లు ఇంకా చెప్పమన్నట్టు చూస్తుంటారు. ఐదు నిమిషాలు పెట్టుకోండి. పాతది ఒక్క వాక్యం, మలుపు ఎక్కడొచ్చిందో ఒకటి రెండు మాటలు, ఎవరు చెయ్యి పట్టుకున్నారో వాళ్ల పేర్లు, ఇప్పుడు ఇంకా ఎక్కడ తడబడుతున్నారో నిజాయితీగా ఒక మాట. పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి కలుగజేసింది దేవుడు అన్న లెక్క (1 కొరింథీ 3:6) సాక్ష్యంలో వినపడాలి. "నేను" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో ఎవర్నైనా లెక్కపెట్టమంటే ఇంకా మంచిది. దేవాలయంలో నిలబడి తన గొప్పలు చెప్పుకున్న పరిసయ్యుడు (లూకా 18) చేసింది కూడా కృతజ్ఞతా స్తోత్రమే, మర్చిపోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. భర్త మారాడని భార్యని బలవంతంగా నిలబెట్టి "చెప్పమ్మా, ఎట్లా కొట్టేవాడో చెప్పు" అని మైకు ఇవ్వడం నేను చూశాను, చాలా చెడ్డపని అది. దెబ్బలు తిన్నది ఆమె, కథ ఆమెది, చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. పాస్టర్ గారి భార్య ముందురోజే ఆమెని పక్కకి పిలిచి అడగాలి, వద్దంటే అక్కడితో వదిలేయాలి. ఫొటోలూ అంతే. కొత్తగా నమ్ముకున్నవాళ్లలో చాలామందికి ఇంట్లో చెప్పని పరిస్థితి ఉంటుంది, ఉద్యోగం భయాలు, కుల సర్టిఫికెట్ల భయాలు ఉంటాయి. అడగకుండా గ్రూపులో పెట్టొద్దు.

కొత్తగా మారినవాణ్ణి నెల తిరగకముందే స్టేజీ ఎక్కించే అలవాటు కూడా మానుకోవాలి. నల్లగొండ వైపు బత్తాయి రైతులకి తెలుసు, లేత చెట్టుకి మొదట్లో వచ్చిన పూతను తుంచేస్తారు, ఆశపడి కాయ దింపుకుంటే చెట్టు ఎదగదు. పౌలు కూడా కొత్తగా చేరినవాణ్ణి అధ్యక్షుడిగా పెట్టొద్దన్నాడు, గర్వపడి పడిపోతాడని (1 తిమోతి 3:6). అలాంటివాళ్ల సంగతి పండుగ చేయండి, కాని ఇంట్లో, పదిమందితో, మైకు లేకుండా.

పిల్లలు, ముసలివాళ్లు

సండే స్కూల్లో ప్రైజులన్నీ కంఠత వాక్యాలకే వెళ్తాయి. దొరికిన పెన్ను తిరిగిచ్చిన పిల్లవాడికి, మాట సరిగా రాని పిల్ల పక్కన రోజూ కూర్చునే అమ్మాయికి ఏమీ రాదు. ప్రైజు ఇవ్వకండి, ఇస్తే అదీ పోటీ అయిపోతుంది. టీచరు వాళ్లింటికి వెళ్లి అమ్మానాన్నల ముందు ఆ సంగతి చెప్పి రావాలి, అంతే.

ముసలివాళ్ల విషయంలో మనం ఇంకా గుడ్డివాళ్లం. చదువు రాని అవ్వలు డెబ్బై ఏళ్లప్పుడు బైబిల్ కోసం అక్షరాలు నేర్చుకోవడం మన పల్లె సంఘాల్లో కొత్తేం కాదు. పెద్దక్షరాల బైబిల్ ఒళ్లో పెట్టుకుని, వేలు అక్షరం కింద పెట్టి, "యె-హో-వా నా కా-ప-రి" అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంది, ఒత్తు దగ్గర ఆగిపోతుంది, మనవరాలు అందిస్తే "నువ్వాగే బిడ్డా, నేనే చదువుతా" అంటుంది. ఇలాంటి అవ్వ మీ సంఘంలో ఉంటే ఒక ఆదివారం వాక్యపఠనం ఆమెకివ్వండి. రెండు వచనాలకి ఐదు నిమిషాలు పట్టొచ్చు, పట్టనీయండి, ప్రసంగంలో ఐదు నిమిషాలు తగ్గించుకుంటే సరిపోతుంది.

మళ్లీ పడితే

మందు మానినవాళ్ల గురించి రెండు మాటలు విడిగా చెప్పాలి, ఎందుకంటే మన సాక్ష్యాల్లో సగం వాళ్లవే. ఏళ్లుగా రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనపడతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. కల్తీ కల్లు అలవాటైనవాళ్లది ఇంకా కష్టం, అందులో కలిపే అల్ప్రాజోలం లాంటి మత్తుమందు ఆగిపోతే పిచ్చెక్కినట్టు చేస్తారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణలో ఎంతోమంది ఇలాగే ఆసుపత్రుల్లో చేరారు. ఇది దయ్యం కాదు, ప్రాణం మీదికొచ్చే జబ్బు. ప్రార్థన చేస్తూనే ఆటో మాట్లాడి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫోన్లో సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక కూడిక పెట్టి, పదిమందికి భోజనం పెట్టి, మూణ్ణెల్లకి మళ్లీ బెల్టు షాపు దగ్గర కనపడ్డాడనుకోండి. అప్పుడు సంఘంలో రెండు రకాల మాటలొస్తాయి, నేను ముందే చెప్పలేదా అని ఒకరు, దేవుడి పేరు చెడగొట్టాడని ఇంకొకరు. సామెతలు 24:16 నీతిమంతుడు ఏడుసార్లు పడినా లేస్తాడంటుంది, ఒక్కసారికే మనం రిజిస్టరు మూసేస్తాం. ఆదివారం ప్రార్థన విన్నపాల్లో అతని పేరు చదవొద్దు, అది ప్రార్థన ముసుగులో చాటింపు. ఆ వారంలోనే ఇద్దరు వెళ్లండి, అతను తాగని పొద్దుటి పూట, ఉపదేశం పట్టుకుపోకుండా. నోటుబుక్కు తీయమనండి, మానేసి ఉన్న రోజుల లైన్లు అందులో అట్లనే ఉంటాయి, అవి అబద్ధం కావు. భార్య ఎలా ఉందో ఆమెని విడిగా అడగండి, ఇంట్లో దెబ్బలుంటే ముందు ఆమెకి, పిల్లలకి నీడ చూడండి, అతని సంగతి తర్వాత. దెబ్బల్లేకపోతే, ఆమె సరేనంటే, వచ్చే నెల గృహకూడిక వాళ్లింట్లోనే పెట్టుకోండి, చాయ్ ఖర్చు సంఘానిది.